కర్టెన్‌కి కుట్టిన జేబు

“ఆ ఇంట్లోకి నేను రాను. కావలిస్తే మీరు వెళ్ళండి,” అంది అత్తగారు మళ్ళీ.

చుట్ట చుట్టి తాడు బిగించిన పరుపు మీద కూర్చుని ఉందామె. చేతిలో ఎవరిదో ప్యాంటు. వేలికి గుడ్డపీలిక చుట్టుకుని, తల ఎత్తకుండా అంచు కుట్టేస్తోంది. ఇల్లంతా మూటలైపోయినా ఆ పని మాత్రం ఆగలేదు.

ముందు గదిలో రంగుల మేస్త్రీ గోడ గీకుతున్నాడు. వీళ్ళింకా ఖాళీ చెయ్యనే లేదు, ఇంటివాళ్ళు పని మొదలుపెట్టించేశారు. రేపు పొద్దున్నే వాళ్ళబ్బాయి కాపురానికి దిగుతున్నాడట. గీకిన సున్నం పొగలా లేచి వెనక గదిలోకి వస్తోంటే, కోడలు చంటివాణ్ణి ఒళ్ళో వేసుకుని వాడి మొహం మీద తువ్వాలు కప్పింది. కప్పిందేగానీ ఊపిరాడుతోందో లేదోనని మాటిమాటికీ ఎత్తి చూసుకుంటోంది.

“రానంటే ఎలాగమ్మా?” అన్నాడు కోడలి భర్త. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే మనిషి. మధ్యాహ్నం భోజనానికని వచ్చి, తిండి సంగతి మర్చిపోయి గుమ్మంలోనే నిలబడిపోయాడు. “కారణమన్నా చెప్పాలిగా.”

“మోకాళ్ళు నొప్పి. మెట్లెక్కలేను.”

“నిన్న కాలేజీ వెనక ఇంటికి మా అందరికంటే ముందు నువ్వే ఎక్కావు. అది ఇంతకంటే ఎత్తు.”

“అందుకే ఇవాళ నొప్పి.”

ముందు గదిలో గీకుడు ఆగింది. మేస్త్రీ వింటున్నాడు.

“నువ్వు కానీవయ్యా,” అని అటు ఒక కేక వేసింది అత్తగారు. “మా ఇంటి గోల వింటే నీ గోడ నునుపెక్కుతుందా?”

గీకుడు మళ్ళీ మొదలైంది.

కోడలికి మండుకొచ్చింది. ఇల్లు వెతికి వెతికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒకచోట మిషను మోటారుదా, కాలితో తొక్కేదా అని అడిగి, ఏదైనా చప్పుడు చప్పుడేనంటూ తలుపేసేశారు. ఇంకోచోట చంటివాణ్ణి చూసి, “రాత్రిళ్ళు ఏడుస్తాడా?” అని వాళ్ళావిడ అడిగితే ఏం చెప్పాలో తెలీక ఈమె నీళ్ళు నమిలింది. ఆ నమలడంతోనే ఆ ఇల్లు పోయింది. మరొకచోట వంటగదిలో ఒకరు నిలబడితే రెండోవాళ్ళు బయటికి రావాలి. అప్పుడు కూడా అత్తగారు, “ఏమయింది, వంతులవారీగా వండుకుందాం,” అంది. మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ పక్కన రేకుల కొట్టు చూపిస్తే దానికీ సరేనంది. అలాంటి మనిషి ఇవాళ పొద్దున, మూడు గదులు, రెండు కిటికీలు, మిషనుకు మంచి వెలుతురూ ఉన్న ఇంటి మెట్ల దగ్గరకొచ్చి, పైకి ఒకసారి చూసి అక్కడే చతికిలబడింది.

“అత్తయ్యా, నాకు మాత్రం చెప్పండి,” అంది కోడలు. “గాలి రాదా? నీళ్ళు రావా? ఇరుగూ పొరుగూ మంచివాళ్ళు కారా?”

“నాకేం తెలుసు? నేను పైకి రాలేదుగా.”

“అదే నేనూ అంటున్నా. చూడకుండా వద్దంటే ఏమనుకోవాలి?”

“ముసలిముండ చాదస్తం అనుకో. కొత్తగా అనుకోవాలా?”

భర్త తల పట్టుకున్నాడు. “చీకటిపడేలోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు తాళాలాయన. ఇంకో కుటుంబం కాసుక్కూచుంది. రేపు పొద్దున్న ఈ పిల్లలతో, ఈ మిషనుతో వీధిలో నిలబడదామా?”

“నన్నేం అడుగుతావ్? ఊరందరి చూపూ సరిచేస్తావు. మీ ఆవిణ్ణి అడుగు.”

అతను భార్యవైపు తిరిగాడు. “ఇదిగో, నువ్వు వెళ్ళి టేపు పెట్టి కొలిచిరా. మిషనూ, కత్తిరింపుల బల్లా పట్టాయంటే సరేనని చెప్పెయ్. ఇక ఎవర్నీ అడిగేది లేదు.”

మూటల వెనకనుంచి ఒక చిన్న తల లేచింది. ఆరేళ్ళ కూతురు. దొరికిందల్లా ఎక్కడో ఒకచోట దాచిపెడుతుందని ఇంట్లో అందరూ ఉడత అంటారు.

“నేనూ వస్తా.”

“దాన్ని తీసుకెళ్ళకు,” అంది అత్తగారు. సూది ఆగిపోయింది. ఈ పూట అదే మొదటిసారి ఆగడం.

“ఇక్కడ ఈ సున్నం పీలుస్తూ కూర్చోమంటారా?”

అత్తగారు చెయ్యి చాపి ఉడత గౌను అంచు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. కాసేపటికి వేళ్ళు వాటంతటవే విడిపోయాయి.

“పిల్లని కనిపెట్టుకుని ఉండు,” అంది అంతే.

ఆ మాట కోడలితో ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రతి కిటికీ కిందా పడబోయే పిల్లనీ, ప్రతి బకెట్లోనూ మునగబోయే పసివాణ్ణీ చూసే మనిషి ఆమె. కానీ అత్తగారు నెమ్మదిగా అలా అనేసరికి వీపు మీద చన్నీళ్ళు చల్లినట్టయింది.

గోడవారగా, పచ్చగళ్ళ గుడ్డతో కుట్టిన ముసుగు వేసుకుని మిషను నిలబడి ఉంది. దాని సొరుగులోంచి టేపూ, చిన్న కత్తెరా తీసుకుని, పసివాణ్ణి అత్తగారి ఒళ్ళో పెట్టి, ఉడత చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

*

తాళాలాయన అంటే ఊళ్ళో ఖాళీగా ఉన్న ఇళ్ళన్నీ ఆయన నడుముకే వేలాడుతుంటాయి. నడిస్తే గలగల. ఆ చప్పుడు విని వీధిలో పిల్లలు ఐసుబండి అనుకుని పరిగెత్తుకొస్తారు.

“రా చెల్లెమ్మా. పెద్దావిడ రాలేదే? మోకాళ్ళా, మొహమాటమా?”

“మొండితనం, అన్నయ్యా.”

“అయితే మందు లేదు.” నవ్వుకుంటూ తలుపు తోశాడు. “చూస్కో. ఈ ఊళ్ళో పిల్లలున్న కుటుంబానికి ఇంతకంటే పెద్ద ఇల్లు చూపిస్తే నా తాళాలన్నీ చెరువులో పారేస్తా.”

లోపల మూసిన గదుల వాసన. పొద్దున్న అత్తగారు తప్ప అందరూ కలిసి హడావిడిగా చూసినప్పుడు తెలియలేదుగానీ, ఇప్పుడు మాట్లాడితే ఆ మాట వెనక గదిదాకా వెళ్ళి, అక్కడ కాసేపు ఆగి వస్తున్నట్టుంది.

“ఇంత మంచి ఇల్లు ఖాళీగా ఎందుకుంది, అన్నయ్యా?”

“ఇంటాయన వేరే ఊళ్ళో ఉంటాడు. ఇద్దామంటే ఇస్తాడు, వద్దంటే మానేస్తాడు. మొన్నటిదాకా ఒక ముసలి దంపతులు. అంతకుముందు ఎవరో ఒంటరి మాస్టారు.”

“పిల్లలున్నవాళ్ళెవరూ లేరా?”

“ఈ ఇంట్లో పిల్లలెప్పుడూ లేరమ్మా. గోడలు చూడు, ఒక్క గీతుందా? ఆ మాస్టారికి ముందు సంగతి నాకు తెలీదు. అప్పటికి ఈ తాళం నా చేతికి రాలేదు.” జేబులో ఫోను మోగింది. చూసుకుని మొహం చిట్లించాడు. “నువ్వు కొలుచుకో. కింద టీకొట్టు దగ్గర ఉంటా. తాళం వేసి చెవి నీ దగ్గరే ఉంచు. సరేనంటే నీదే. కాదంటే చీకటిపడేలోగా నాకిచ్చెయ్.”

గలగల మెట్లు దిగిపోయింది.

తలుపు దాటొద్దని ఉడతకి చెప్పి, ముందు గది కొలిచింది. మిషను పడుతుంది. మధ్య గది కొలిచింది. బల్ల పడుతుంది. పసివాడి ఉయ్యాల కూడా పడుతుంది. మొదటిసారి ఆమెకు ఇంట్లో ఏది ఎక్కడ పెట్టాలో ఊహ వచ్చింది. ఎన్నాళ్ళయిందో అలా సుఖంగా ఊహ రాక.

వెనక గదిలో కిటికీకి కర్టెన్ వేలాడుతోంది. మందపాటిది. ఎండకి రంగు పోయి బూడిదలా అయింది. కిటికీకి అడ్డకమ్మీలు ఉన్నాయో లేదో చూద్దామని పక్కకి లాగబోయి, చెయ్యి అలాగే ఆగిపోయింది.

కర్టెన్ అడుగున జానెడు వెడల్పు పట్టీ అతికించి ఉంది. రంగు వెలిసినా పోలిక తెలుస్తోంది. పచ్చగళ్ళు.

ఇంట్లో మిషను మీద కప్పిన ముసుగుదే ఆ గుడ్డ. ఆ ముసుగు కుట్టగా మిగిలిన ముక్క. ఆ పట్టీ అతికించింది తనే.

ఉడత అప్పటికింకా కడుపులో ఉంది. వాన వెలిసిన ఒక మధ్యాహ్నం, జుట్టు తడిసిన ఒకావిడ గుమ్మం బయటే నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, సంచిలోంచి ఒక తాడు తీసింది. “ఈ ముడిదాకా వెడల్పు. ఆ ముడిదాకా పొడవు. మందంగా కుట్టమ్మా. లోపల లైటు వెలిగినా బయటికి తెలియకూడదు.” తడిసిన తాడు కుంచించుకుపోయినట్టుంది, కుట్టిన కర్టెన్ జానెడు పొట్టిదైంది. ఆవిడ తిరిగి తెస్తే ఈ పచ్చగళ్ళ ముక్క అతికించి ఇచ్చింది.

ఆవిడ వేలు పట్టుకుని ఒక పిల్ల. ఉడతంత ఉంటుంది. తల్లి అటు తిరిగి వీధిలోకి చూస్తున్నప్పుడు మెల్లిగా కోడలి చెవి దగ్గరకొచ్చింది.

“లోపలివైపు జేబు పెడతావా? బయటికి కనపడకూడదు.”

“కర్టెన్‌కి జేబేంటే?”

“దాచుకోవడానికి.”

“ఏం దాచుకుంటావ్?”

ఆ పిల్ల తల్లివైపు చూసి నోరు మూసుకుంది.

ముచ్చటేసి కుట్టింది. పిల్ల చెయ్యి అందేంత కిందుగా, అరచెయ్యంత జేబు. చెప్తే నవ్వుతుందని అత్తగారితో కూడా అనలేదు. ఆ తర్వాత ఆ తల్లీపిల్లలు ఎక్కడా కనపడలేదు. ఏ వీధిలో ఉంటారో అడగనేలేదు.

ఈ ఇంట్లో పిల్లలెప్పుడూ లేరు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని కర్టెన్ తిరగేసింది. జేబు ఉంది. తన కుట్లే. కానీ జేబుకి నోరు లేదు. పైన ఎవరో చేత్తో మూసి కుట్టేశారు.

బయటినుంచి తడిమింది. లోపల ఏదో గట్టిగా, చిన్నగా తగిలింది. పక్కకి జరిగింది.

టేపుతోపాటు తెచ్చుకున్న చిన్న కత్తెర తీసింది. దారం చివర ఎక్కడుందా అని వేలితో వెతికింది. దొరకలేదు. అంచు వెంట మళ్ళీ తడిమితే, ఆవగింజంత ముడి తగిలింది.

కత్తెర మూసి మళ్ళీ నడుము దగ్గర దోపుకుంది.

దారాన్ని రెండు చుట్లు తిప్పి, సూదిని వెనక్కి అదే కుట్టు కిందుగా దూర్చి, మిగిలిన కొసను తుంచకుండా గుడ్డ మడతలోకి తోసెయ్యాలి. ఎన్ని ఉతుకులు ఉతికినా ఊడదు. “ఇంత ఓపిక ఎవరికుంటుందే? నా చెయ్యి ఆగిపోతే నువ్వే వెయ్యాలి,” అంటూ కొత్తకోడలి వేళ్ళు పట్టుకుని అత్తగారు నేర్పిన ముడి అది. ఊళ్ళో ఏ దర్జీ దగ్గరా ఆమె దాన్ని చూడలేదు. వేసేవాళ్ళు ఇద్దరే. తను వెయ్యలేదు.

గదిలో చప్పుడు లేదు. చాలాసేపటినుంచి లేదు.

“ఉడతా?”

“ఉడతా!”

మధ్య గది, వంటగది, ముందు గది. తలుపు తీసి ఉంది. ఒక్క ఉదుటున మెట్ల మీదకి వచ్చింది. పైకి వెళ్ళే మెట్ల మలుపులో ఉడత గోడవైపు జరిగి, పక్కన ఇంకొకరికి చోటిచ్చినట్టు కూర్చుని ఏదో చెబుతోంది.

“తలుపు దాటొద్దన్నానా? ఎవరితో మాట్లాడుతున్నావ్?”

“ఎవరితోనూ కాదు.”

ఎడం చెయ్యి వీపు వెనక దాచుకుంది. ఏ గోలీయో, సీసామూతో దొరికి ఉంటుంది. ఆమెకి అడిగే ఓపిక లేదు. పిల్లని చంకనేసుకుని, తాళం వేసి, టీకొట్టువైపు చూడకుండా ఇంటిదారి పట్టింది. తాళంచెవి గుప్పిట్లోనే ఉండిపోయింది.

*

ముందు గది గోడ సగం తెల్లబడింది. మేస్త్రీ బ్రష్షు కడుక్కుంటూ, “రాత్రికి వెనక గది మొదలెడతానమ్మా, అప్పటికి ఈ మూటలు...” అన్నాడు. కోడలి మొహం చూసి మిగతా మాట మింగేశాడు.

అత్తగారు అదే పరుపు మీద ఉంది. పసివాడు నిద్రపోతున్నాడు. భర్త షాపునుంచి ముందే వచ్చేశాడు.

“ఏమైంది? పట్టాయా?”

“పట్టాయి.”

“హమ్మయ్య. సరేనని చెప్పేశావా?”

ఆమె ఉడతని దింపి, అత్తగారి ఎదురుగా నేల మీద కూర్చుంది.

“అత్తయ్యా, ఆ ఇంటికి మీరెప్పుడైనా వెళ్ళారా?”

“లేదు.”

“ఒక్కసారి కూడా?”

“లేదన్నానుగా.”

“వెనక గదిలో కర్టెన్ ఉంది. నేను కుట్టిందే. మన మిషను ముసుగు గుడ్డ పట్టీ వేసి.”

“ఊళ్ళో సగం కర్టెన్లు నువ్వు కుట్టినవే. అందులో వింతేముంది?” గొంతు మామూలుగానే ఉంది. చెయ్యి మాత్రం పసివాణ్ణి జోకొట్టడం మర్చిపోయింది.

“వింతేం లేదు. పాతబడింది. వెలిసిపోయింది. అంతే.”

అంతకుమించి ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అనకూడదని దారి పొడుగునా తనకి తాను చెప్పుకుంటూనే వచ్చింది. భర్త ఒకసారి తల్లినీ ఒకసారి భార్యనీ చూశాడు. మేస్త్రీ బకెట్లో నీళ్ళు పారబోసిన చప్పుడు వినపడింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టారు.

అత్తగారు పసివాడి మీది తువ్వాలు సర్దింది.

“విప్పావా దాన్ని?”

“దేన్ని, అత్తయ్యా?”

అత్తగారు కళ్ళు మూసుకుంది.

“దేన్ని విప్పాలమ్మా? ఏమిటిది?” అన్నాడు భర్త.

“మీరుండండి,” అంది కోడలు. ఆ మాట అతనితో ఎప్పుడూ అంత నెమ్మదిగా అనలేదు. “విప్పలేదు, అత్తయ్యా. ముడి చూసి ఆగిపోయాను.”

“మంచిపని చేశావు,” అంది అత్తగారు. “విప్పకు. తాళంచెవి ఇచ్చేసిరా. రేకుల కొట్టుకి పోదాం. లేకపోతే వీధిలో ఉందాం. ఆ ఇల్లు మాత్రం వద్దు. నేను మాటిచ్చాను.”

“ఎవరికి?”

“తనొచ్చి విప్పుకునేదాకా ఎవర్నీ విప్పనివ్వనని.”

“ఎవరికిచ్చారు, అత్తయ్యా? ఆ తల్లికా, ఆ పిల్లకా? వాళ్ళేమయ్యారు?”

అత్తగారు వేలికి చుట్టుకున్న గుడ్డపీలికని విప్పుతూ, మళ్ళీ చుట్టుకుంటూ ఉంది.

ఆ పీలిక కోడలికి పాత గాయం. కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే ఇత్తడి తొడుగు ఒకటుండేది అత్తగారికి. వాళ్ళమ్మ ఇచ్చింది. కోడలు నెలలు నిండి ఉన్న రోజుల్లో అది కనపడకుండా పోయింది. “కొత్త చెయ్యి పడింది, పాత వస్తువు పోయింది,” అంది అత్తగారు అప్పట్లో. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. కొత్త తొడుగు కొనిస్తానన్నా కొననివ్వలేదు. అప్పట్నించీ ఈ గుడ్డపీలికే.

టిక్. టిక్. టిక్.

అందరూ అటు తిరిగారు. ఉడత మిషను ముసుగు ఎత్తి, చక్రం మీద వేలితో కొడుతోంది. వేలికి ఏదో మెరుస్తోంది.

“నానమ్మా, ఇది నీదేనా?”

సందుల్లో నలుపెక్కిన ఇత్తడి తొడుగు. ఉడత వేలికి వదులై ఊగుతోంది.

కోడలు ఒక్క అంగలో దగ్గరికొచ్చింది. “ఎక్కడిదే అది? ఎక్కడ దొరికింది?”

“దొరకలేదు. అక్క ఇచ్చింది.”

“ఏ అక్క?”

“మెట్ల మీద అక్క. మీ నానమ్మకి ఇచ్చెయ్, ఇంక నాకొద్దని చెప్పు, అంది. నువ్వు రాగానే పైకెళ్ళిపోయింది.” ఉడత మొహం చిన్నబుచ్చుకుంది. “నువ్వు చూసి కూడా మాట్లాడలేదుగా, అమ్మా.”

ఆ మెట్ల మలుపు కోడలి కళ్ళముందు మళ్ళీ కనిపించింది. గోడవైపు జరిగి కూర్చున్న తన పిల్ల. పక్కన ఖాళీ చోటు. ఖాళీయేనా? తను చూసింది పిల్లని మాత్రమే. ఇంకెటూ చూడలేదు.

భర్త ఏదో అడుగుతున్నాడు. ఎవరికీ వినపడటం లేదు.

అత్తగారు పసివాణ్ణి కొడుకు చేతుల్లో పెట్టింది. పరుపు మీంచి లేచింది. మోకాళ్ళు నొప్పన్న మనిషి, దేన్నీ పట్టుకోకుండా లేచింది. వేలికున్న గుడ్డపీలిక తీసి నేల మీద పడేసి, ఉడత వేలినుంచి ఆ ఇత్తడి తొడుగు తీసుకుని తన వేలికి తొడుక్కుంది. అది ఇంకా సరిగ్గా సరిపోయింది. “మాటకి గుర్తుగా దీన్ని ఆ పిల్ల చేతిలో పెట్టాను,” అంది.

గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ, వెనక్కి తిరగకుండానే కోడలివైపు చెయ్యి చాపింది.

“తాళంచెవి తీసుకుని రావే. ఆ కత్తెర కూడా పట్టుకో. చీకటిపడేలోగా వెళ్ళాలి.”